గెట్, రన్, ఛార్జ్: ఇంగ్లీషు చిన్న మాటల నానార్థాలు నేర్చుకునే పద్ధతి

‘ది మిల్క్ హాజ్ టర్న్‌డ్.’ ఈ వాక్యంలో తెలియని మాట ఒక్కటీ లేదు. మిల్క్ అంటే పాలు, టర్న్ అంటే తిరగడం. అయినా పాలు తిరగడమేమిటో తట్టదు. మనకు పాలు విరుగుతాయి, ఇంగ్లీషువాళ్లకు ‘టర్న్’ అవుతాయి. పదో తరగతి దాటినవాళ్లను ఇంగ్లీషులో ఎక్కువగా తికమక పెట్టేవి ఇలాంటి మాటలే. ఫొటోసింథసిస్ లాంటి బరువైన మాటకు అర్థం ఒక్కటే, ఒకసారి తెలిస్తే చాలు. గెట్, టేక్, సెట్, రన్ అలా ఒక్క అర్థానికి లొంగవు.

ఒక మాట వాడుక పెరిగేకొద్దీ దాని అర్థాలూ పెరుగుతాయని జార్జ్ జిఫ్ అనే అమెరికన్ పండితుడు 1945లోనే లెక్క కట్టి చూపాడు. 1989లో వచ్చిన ఆక్స్‌ఫర్డ్ మహా నిఘంటువు రెండో కూర్పులో ‘సెట్’ అనే మాటకు 430 అర్థాలున్నాయి. తర్వాతి సవరణలో ‘రన్’ దాన్ని మించిపోయింది, ఒక్క క్రియగానే 645. ఈ అంకెలు చూసి బెదరక్కర్లేదు. ఇంగ్లీషు ఇంట పుట్టినవాడికీ ఆ 645 జాబితాగా తెలియవు.

మనకు మాత్రం ‘పడు’ అర్థాలు ఎవరు నేర్పారు? వాన పడింది. జీతం పడింది. వికెట్ పడింది. వాడికి శిక్ష పడింది. ఆ ఇద్దరికీ పడదు. నాకు వంకాయ పడదు. మంచివాడని పేరు పడింది. వీటిలో ఒక్కటైనా నిఘంటువు చూసి నేర్చుకున్నది కాదు. పక్కన వాన ఉందా, జీతం ఉందా, ‘ఇద్దరికీ’ అన్న చేర్పు ఉందా అని చూసి మనసు దానంతటదే అర్థం తీస్తుంది. మాట పక్కన ఏముందో చూడటమే అసలు కిటుకు. తెలుగులో తెలియకుండానే చేస్తున్న ఆ పనిని ఇంగ్లీషులో తెలిసి చేయడానికే ఈ మెట్లన్నీ.

మొదటి మెట్టు: మాటలను ఎంచుకోవడం

తెలియని మాటలు వెతక్కండి. ‘ఇది నాకు వచ్చులే’ అని దాటేసే మాటలే పట్టుకోండి. మొదలుపెట్టడానికి ఈ 30 చాలు. క్రియలు 16: గెట్, టేక్, మేక్, పుట్, సెట్, రన్, గో, కమ్, గివ్, కీప్, టర్న్, బ్రేక్, హోల్డ్, కాల్, డ్రా, వర్క్. నామవాచకంగానూ క్రియగానూ తిరిగేవి 8: ఛార్జ్, ఇష్యూ, కవర్, ఆర్డర్, పాయింట్, కేస్, లైన్, టర్మ్. విశేషణాలు 6: రైట్, క్లియర్, ఫెయిర్, ఫైన్, లైట్, ఫ్లాట్.

క్రియలకే ఎందుకు పెద్దపీట అంటే, ఇంగ్లీషు బరువంతా కొద్ది క్రియల మీద నిలబడి ఉంది. 1930లో సి.కె. ఆగ్డెన్ 850 మాటలతో ‘బేసిక్ ఇంగ్లీష్’ తయారుచేసినప్పుడు అందులో క్రియలు 18 మాత్రమే ఉంచాడు. మిగతా పనులన్నీ గెట్, పుట్, టేక్ లాంటివాటికి అప్, ఆఫ్, అవుట్ తగిలించి నెట్టుకొచ్చాడు. మాటలు తగ్గాయి కానీ కష్టం తగ్గలేదు, అదంతా ఆ 18 క్రియల నెత్తిన పడింది.

ఒక మాటకు నాలుగు రోజులు కేటాయించండి. 30 మాటలకు 120 రోజులు. రోజుకు ఒక మాట చొప్పున నెలలో ముగిద్దామనుకుంటే అర్థాల జాబితా బట్టీ పట్టడం తప్ప ఏమీ మిగలదు. ఒక్కో మాటకు ఐదారు అర్థాలే తీసుకోండి. అర్థాలన్నీ సమానంగా వాడుకలో ఉండవు. ఢాకాలో బెంగాలీ పిల్లలకు ఇంగ్లీషు చదవడం నేర్పే పద్ధతుల మీద పనిచేసిన మైకేల్ వెస్ట్ 1953లో సుమారు 2,000 మాటల పట్టిక అచ్చువేశాడు. ఒక మాట నూరుసార్లు కనిపిస్తే అందులో ఏ అర్థం ఎన్నిసార్లో కూడా అందులో రాశాడు. అది చూస్తే రెండు మూడు అర్థాలే సింహభాగం ఆక్రమించడం, మిగతావి అరుదుగా తొంగిచూడటం తెలుస్తుంది.

రెండో మెట్టు: ఒక మాటా, రెండు మాటలా?

‘పాలు’ అంటే తాగేవీ, వాటా కూడా. ఈ రెంటికీ చుట్టరికం లేదు, ధ్వని ఒకటిగా కలిసిందంతే. ‘నెల’ సంగతి వేరు. చందమామ, ముప్పై రోజుల కాలం, రెండూ ఒకే మాట కొమ్మలు. నెలవంక అన్నప్పుడు ఆ పాత అర్థం ఇంకా కనిపిస్తుంది.

ఇంగ్లీషులోనూ ఇంతే. అగ్గిపుల్ల ‘మ్యాచ్’, ఆటలో ‘మ్యాచ్’ వేర్వేరు మాటలు. ఎలుగుబంటి ‘బేర్’, మోయడం ‘బేర్’ కూడా వేర్వేరు. మంచి నిఘంటువులో ఇలాంటివాటి నెత్తిన 1, 2 అని చిన్న అంకెలు వేసి విడివిడిగా ఇస్తారు. విడి పద్దులు కనిపిస్తే లంకె వెతకడం మానేసి రెండు కొత్త మాటలుగా నేర్చుకోండి. ఒకే పద్దు కింద ఉన్న అర్థాలకే లంకె వెతకాలి. చాలామంది ఇది చూడకుండా అన్నిటికీ కలిపి ఒక కథ అల్లుతారు, అది నాలుగు రోజుల్లో చెదిరిపోతుంది. జరిమానా ‘ఫైన్’కూ, సన్నబియ్యానికి వాడే ‘ఫైన్’కూ లాటిన్‌లో మూలం ఒకటే, ‘ముగింపు, హద్దు’ అని అర్థం. కానీ ఈనాటి వాడుకలో ఆ లంకె పూర్తిగా తెగిపోయింది. ఇలాంటిచోట మూలం తవ్వినా నేర్చుకునేవాడి చేతికి ఏమీ రాదు.

మూడో మెట్టు: అర్థం కంటే ముందు చట్రం

క్రియ తర్వాత ఏ రకం మాట వచ్చిందో, అంటే దాని చట్రమేమిటో, చూస్తే అర్థం సగం తేలిపోతుంది. దీనికి ‘గెట్’ను మించిన పాఠం లేదు, అందుకే కాస్త నెమ్మదిగా చూద్దాం.

గెట్ తర్వాత వస్తువో విషయమో వస్తే రావడం, దొరకడం. ‘ఐ గాట్ ఎ జాబ్’, ‘ఐ గాట్ ఎ లెటర్’, ‘ఐ గాట్ ఎ ఫీవర్’. తెలుగులో ఇవన్నీ ‘నాకు’తో మొదలవుతాయి: నాకు ఉద్యోగం వచ్చింది, నాకు ఉత్తరం వచ్చింది, నాకు జ్వరం వచ్చింది. ‘ఓహో, ఐ గెట్ ఇట్’ అన్నదీ ఈ వరసే, నాకు అర్థమైంది. మనం ‘నాకు… వచ్చింది, దొరికింది, అయింది’ అనేచోట ఇంగ్లీషువాడు చాలాసార్లు ‘ఐ గాట్’ అంటాడు. ఈ ఒక్క సూత్రం ఒంటబడితే మాట్లాడేటప్పుడు తడబాటు బాగా తగ్గుతుంది. ‘నాకు’ను పట్టుకుని ‘టు మి’ అని మొదలుపెట్టడం వల్లే వాక్యం మధ్యలో ఆగిపోతుంటుంది.

గెట్ తర్వాత విశేషణం వస్తే స్థితి మారడం. ‘ఇట్స్ గెటింగ్ డార్క్’ అంటే చీకటి పడుతోంది. ‘హి గాట్ యాంగ్రీ’ అంటే కోపం వచ్చింది. ‘ద టీ ఈజ్ గెటింగ్ కోల్డ్’ అంటే టీ చల్లారిపోతోంది.

గెట్ తర్వాత చోటు వస్తే చేరడం. ‘వెన్ డిడ్ యు గెట్ టు విజయవాడ?’ ఇక్కడ పొరపాటు ‘టు’ దగ్గర జరుగుతుంది. ఊరి పేరు ముందు ‘టు’ కావాలి. హోమ్, హియర్, దేర్ ముందు అక్కర్లేదు. ‘ఐ గాట్ హోమ్ ఎట్ టెన్’ సరైనది, ‘గాట్ టు హోమ్’ తప్పు.

గెట్ తర్వాత క్రియ మూడో రూపం వస్తే మనకు జరిగిన పని. ‘హి గాట్ కాట్’ దొరికిపోయాడు. ‘దే గాట్ మ్యారీడ్’ వాళ్లకు పెళ్లయింది.

ఇక అన్నిటికన్నా విలువైనది ప్రేరణ. తెలుగులో ‘చేశాను’ వేరు, ‘చేయించాను’ వేరు. జాకెట్టు కుట్టాను అంటే మీరు కుట్టుమిషన్ దగ్గర కూర్చున్నారు, కుట్టించాను అంటే దర్జీ కూర్చున్నాడు. ఇంత పదునైన తేడా తెలిసిన మనమే ఇంగ్లీషులోకి వెళ్లగానే ‘ఐ రిపేర్డ్ మై బైక్’, ‘ఐ స్టిచ్‌డ్ ఎ బ్లౌజ్’ అంటాం. విన్నవాళ్లు మనమే స్పానర్ పట్టుకున్నామనుకుంటారు. ‘ఇంచు’కు ఇంగ్లీషులో సాటి గెట్:

‘ఐ గాట్ మై బైక్ రిపేర్డ్’: బండి బాగుచేయించాను.
‘ఐ గాట్ మై హెయిర్ కట్’: క్షవరం చేయించుకున్నాను.
‘ఐ గాట్ హిమ్ టు సైన్’: నచ్చజెప్పి అతనితో సంతకం పెట్టించాను.

వరస జాగ్రత్త. వస్తువు చెప్తే గెట్, వస్తువు, మూడో రూపం. మనిషిని చెప్తే గెట్, మనిషి, టు, మొదటి రూపం. మూడో వాక్యాన్నే ‘ఐ మేడ్ హిమ్ సైన్’ అంటే ‘టు’ ఎగిరిపోతుంది, అర్థం కూడా మారుతుంది: ఇష్టం లేకపోయినా పెట్టించాను అని. ఫిర్యాదు రాసేటప్పుడు ఈ తేడా చాలా దూరం పోతుంది.

నాలుగో మెట్టు: నడిమి భావం

చట్రంతో తేలని మాటలకు అర్థాలన్నిటి వెనుక ఉన్న ఒక బొమ్మను పట్టుకోవాలి. ‘ఛార్జ్’ చూడండి. ఫోన్‌కు ఛార్జ్, ఆటో ఛార్జీ, పోలీసు ఛార్జ్‌షీటు, ఇన్‌ఛార్జి మంత్రి, కొమ్ములు విసురుతూ మీదికొచ్చే ఎద్దు, అన్నీ ఒకే మాట. లాటిన్‌లో దీని మూలానికి అర్థం బండికి బరువు ఎత్తడం. కార్, కార్గో, క్యారీ కూడా దీని చుట్టాలే. ఆ బరువు బొమ్మ మనసులో పెట్టుకుంటే బ్యాటరీ మీద విద్యుత్తు బరువు, కొనేవాడి మీద ధర బరువు, నిందితుడి మీద నేరం బరువు, అధికారి మీద బాధ్యత బరువు అని వరసగా తెరుచుకుంటాయి. తెలుగు కూడా సరిగ్గా ఈ దారినే నడిచింది: గడ్డిమోపు, పన్నుల భారం మోపడం, నేరం మోపడం. ఎద్దు అర్థం మాత్రం బొమ్మకు దూరం జరిగింది, దాన్ని విడిగా గుర్తుపెట్టుకోవడమే మేలు.

బొమ్మ దొరికాక దాన్ని మళ్లీ చట్రంలో బిగించాలి, లేకపోతే అర్థం తెలిసీ వాక్యం తప్పుతుంది. ధర అయితే ‘హి ఛార్జ్‌డ్ మి ఫిఫ్టీ రుపీస్ ఫర్ ఇట్’, మనిషి, సొమ్ము, ఫర్. నేరం అయితే ‘హి వాజ్ ఛార్జ్‌డ్ విత్ థెఫ్ట్’, ఇక్కడ విత్. బాధ్యత అయితే ‘షి ఈజ్ ఇన్ ఛార్జ్ ఆఫ్ ది స్టోర్’. ‘ఛార్జ్‌డ్ ఫర్ థెఫ్ట్’ అని రాస్తే దొంగతనానికి బిల్లు వేసినట్టు వినిపిస్తుంది.

‘డ్రా’ బొమ్మ లాగడం. పెన్సిల్‌ను కాగితం మీద లాగితే బొమ్మ వస్తుంది. బావిలోంచి నీళ్లు లాగుతాం, బ్యాంకు నుంచి డబ్బు లాగుతాం, చూపు మనవైపు లాగుతాం. బల్లలోంచి లాగే సొరుగు ‘డ్రాయర్’ అయింది. ‘డ్రా ది కర్టెన్స్’ అంటే తెర మూయడం కావచ్చు, తెరవడం కూడా కావచ్చు. లాగడం రెండువైపులా ఉంటుంది కాబట్టి పగలా రాత్రా చూసుకోవాలి.

‘ఇష్యూ’ బొమ్మ బయటికి రావడం. పత్రిక సంచిక, కిటికీలోంచి వచ్చే టికెట్, బయటపడ్డ సమస్య. పాత దస్తావేజుల్లో ‘డైడ్ వితౌట్ ఇష్యూ’ అంటే సంతానం లేకుండా పోయాడని.

‘రన్’ బొమ్మ ఒక దారిలో ఆగకుండా సాగడం. పరుగు అనుకుంటే ఇక్కడే చిక్కు, పరుగు దాని కొమ్మల్లో ఒకటి మాత్రమే. బస్సు గంటకొకటి నడుస్తుంది, ముక్కు కారుతుంది, సినిమా వంద రోజులు ఆడుతుంది, కొట్టు నడుపుతాం, రోడ్డు ఏటి వెంబడి సాగుతుంది, ఉతికితే చీర రంగు దిగుతుంది, కొన్ని జబ్బులు వంశంలో వస్తుంటాయి. ఇంగ్లీషులో అన్నిటికీ రన్. తెలుగు ఇక్కడ ఆరేడు క్రియలు మార్చింది, కాబట్టి ‘రన్ అంటే ఏమిటి’ అన్న ప్రశ్నకు ఒక్క తెలుగు మాట ఎప్పటికీ దొరకదు. వాక్యానికి వాక్యమే రాసుకోవాలి. ఎన్నికల్లో నిలబడటానికి అమెరికాలో ‘రన్’, బ్రిటన్‌లో ‘స్టాండ్’. మన ‘నిలబడ్డాడు’ బ్రిటిషు వాడుకకు దగ్గర.

‘సెట్’ బొమ్మ కదలకుండా కుదురుకోవడం. ‘ది కర్డ్ హాజ్ సెట్’ పెరుగు తోడుకుంది. ‘ది సిమెంట్ హాజ్ సెట్’ సిమెంటు గట్టిపడింది. ‘ద రెయిన్ హాజ్ సెట్ ఇన్’ ముసురు పట్టింది. మనం ‘సెట్ అయింది’ అనేది మాత్రం ఈ అర్థాల్లో ఎక్కడా ఇమడదు. పని కుదిరిందన్న ఆ అర్థంలో ‘ఇట్ వర్క్‌డ్ అవుట్’ అనాలి.

ఐదో మెట్టు: క్రియ తోక

అప్, ఆఫ్, అవుట్ లాంటి తోకలను పైకి, దూరంగా, బయటికి అని అనువదించుకోవడం వల్ల వచ్చే నష్టం చాలా ఎక్కువ. ‘ఈట్ అప్ యువర్ రైస్’ అంటే అన్నం పైకి తినడం కాదు, అన్నం తినేయ్ అని. ఆ ‘ఏయ్’ ఉంది చూశారూ, పని మొత్తం ముగించమనే ధ్వని, ఇంగ్లీషులో దాన్ని చాలాచోట్ల ‘అప్’ మోస్తుంది. ‘యూజ్ అప్’ వాడేయడం. ‘డ్రై అప్’ ఎండిపోవడం, చెరువు ఎండిపోయినట్టు. ‘టేర్ అప్’ చింపేయడం. ఉత్త ‘టేర్’ అంటే చిన్న చిరుగు కూడా కావచ్చు. తెలుగులో క్రియకు ‘వేయు’, ‘పోవు’ తగిలేచోట ఇంగ్లీషులో ఏ తోక తగులుతుందో గమనిస్తూ పోతే చాలా తాళాలు ఊడివస్తాయి: ఇచ్చేయడం ‘గివ్ అవే’, అయిపోవడం ‘రన్ అవుట్’. ఈ చివరిదానికి రెండు చట్రాలున్నాయి. ‘ది ఆయిల్ హాజ్ రన్ అవుట్’ సరే, ‘వి హావ్ రన్ అవుట్ ఆఫ్ ఆయిల్’ సరే. మనిషితో మొదలైతే ‘ఆఫ్’ తప్పదు.

అన్నిటికీ ఇలా లెక్క కుదరదు. ‘గో ఆఫ్’ తీసుకోండి. అలారం ‘వెంట్ ఆఫ్’ అంటే మోగింది. లైటు ‘వెంట్ ఆఫ్’ అంటే ఆరింది. బాంబు అయితే పేలింది. పాలు అయితే పాడయ్యాయి. మోగడమూ ఆరడమూ ఎదురెదురు పనులు, తోక ఒకటే. ఇక్కడ కర్తను బట్టి నేర్చుకోవడం తప్ప దారి లేదు: అలారం, లైటు, బాంబు, పాలు, నాలుగు వాక్యాలు, అంతే. ‘టర్న్ డౌన్’కు కర్మను చూడాలి. టీవీ శబ్దమైతే తగ్గించడం, ఉద్యోగమో సంబంధమో అయితే వద్దనడం.

ఆరో మెట్టు: ఖాళీ క్రియలు

‘నిర్ణయం తీసుకున్నాను’లో తీసుకోవడం ఎక్కడుంది? ‘అబద్ధం ఆడాడు’లో ఆట ఎక్కడుంది? అర్థమంతా నామవాచకంలో ఉంది, క్రియ ఉత్త ఆసరా. ఇంగ్లీషులో ఈ జాతి చాలా పెద్దది: టేక్ ఎ లుక్, హావ్ ఎ బాత్, మేక్ ఎ డిసిషన్, టెల్ ఎ లై. బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో జాన్ సింక్లెయిర్ బృందం సుమారు రెండు కోట్ల మాటల వాడుకను కంప్యూటర్లో పోగేసి 1987లో తెచ్చిన కోబిల్డ్ నిఘంటువు ఈ సంగతిని బాగా వెలుగులోకి తెచ్చింది.

వీటిని క్రియ వైపు నుంచి నేర్చుకోవద్దు. ‘మేక్ ఎక్కడ, డూ ఎక్కడ’ అన్న సూత్రాలు సగం దూరం వచ్చి చేతులెత్తేస్తాయి. నామవాచకం పక్కన దాని జోడీ రాసుకోండి: మిస్టేక్ పక్కన మేక్, హోంవర్క్ పక్కన డూ, లై పక్కన టెల్, ఎగ్జామ్ పక్కన టేక్. ఈ చివరిది మనవాళ్లకు తరచూ దెబ్బ తగిలే చోటు. పరీక్ష రాశాను కాబట్టి ‘ఐ రోట్ ది ఎగ్జామ్’ అంటాం. విద్యార్థి ‘టేక్స్’, మేష్టారు ‘గివ్స్’ అని గుర్తుంచుకుంటే చాలు.

ఏడో మెట్టు: పలుకు, లెక్క

రాతలో ఒకటే అయినా నోట్లో రెండుగా చీలేవి ఉన్నాయి. ఈ తేడా చూపడానికి తెలుగు లిపి ఎంతో వీలు. కానుక ‘ప్రెజెంట్’, సమర్పించడం ‘ప్రిజెంట్’. నిమిషం ‘మినిట్’, అతి చిన్నది ‘మైన్యూట్’. సీసం ‘లెడ్’, నడిపించడం ‘లీడ్’. కన్నీరు ‘టియర్’, చింపడం ‘టేర్’. వాడకం ‘యూస్’, వాడటం ‘యూజ్’. రెండు అక్షర ఖండాలున్న జంటల్లో చాలావాటికి నామవాచకమైతే మొదటి ఖండం మీద ఊనిక, క్రియ అయితే రెండోదాని మీద: ‘రెకర్డ్’ దాఖలా, ‘రికార్డ్’ నమోదు చేయడం. తెలుగులో ఊనికతో అర్థం మారదు కాబట్టి మన చెవి దీన్ని పట్టించుకోదు. పైకి చదివి అలవాటు చేసుకోవాలి.

లెక్కించడం మరో మలుపు. ‘ఎ రూమ్’ అంటే గది, ఉత్త ‘రూమ్’ అంటే చోటు. ‘దేర్ ఈజ్ నో రూమ్ ఇన్ ది బస్’ అంటే బస్సులో గది లేదని కాదు. ‘పేపర్’ కాగితం, ‘ఎ పేపర్’ దినపత్రికో పరిశోధన వ్యాసమో. ‘వర్క్’ పని, ‘వర్క్స్’ ఒక రచయిత రచనలు. నిఘంటువులో ఒక్కో అర్థం పక్కన లెక్కించదగ్గదానికి ‘సి’, కానిదానికి ‘యు’ అక్షరం వేస్తారు. దాన్ని చూడకుండా దాటితే సగం సమాచారం వదిలేసినట్టే.

మన నోట్లో గడ్డకట్టిన మాటలు

తెలుగులో కలిసిపోయిన ఇంగ్లీషు మాటలు ఒక్క అర్థంతో గట్టిపడిపోతాయి. మళ్లీ ఇంగ్లీషు మాట్లాడేటప్పుడు అదే అర్థం బయటికొస్తుంది. కూరగాయలు వేసుకునే ‘కవర్’ బయటి దేశంలో ‘బ్యాగ్’. టిఫిన్ చేసే ‘హోటల్’ అక్కడ ‘రెస్టారెంట్’, హోటల్ అంటే బస. ఫోన్ ‘కట్’ చేయడం ‘హ్యాంగ్ అప్’. ‘ఫీల్’ అయ్యాడు అంటే మనకు నొచ్చుకున్నాడని, ఇంగ్లీషులో ‘హి ఫెల్ట్’ దగ్గర ఆపితే వాక్యం పూర్తి కాదు, ‘ఫెల్ట్ హర్ట్’ అనాలి.

అమెరికా వెళ్లే విద్యార్థులు రెండు మాటలు ముందే సరిచేసుకోవాలి. ‘ఐ పాస్‌డ్ అవుట్ ఇన్ 2022’ అంటే అక్కడివాళ్లకు ఆ ఏడాది స్పృహ తప్పి పడిపోయారని వినిపిస్తుంది. ‘గ్రాడ్యుయేటెడ్’ అనండి. తరగతిలో ‘ఐ హావ్ ఎ డౌట్’ అంటే చెప్పింది నమ్మడం లేదన్న ధ్వని వస్తుంది. ‘ఐ హావ్ ఎ క్వెశ్చన్’ అనాలి.

తనకు తానే ఎదురు తిరిగే మాటలూ ఉన్నాయి. బ్యాంకు లోన్ ‘శాంక్షన్’ చేస్తే మంజూరు. ఒక దేశం మీద ‘శాంక్షన్స్’ పెడితే ఆంక్షలు. చట్టసభలో బిల్లును ‘టేబుల్’ చేయడం మన దగ్గర, బ్రిటన్‌లో సభ ముందుంచడం. అమెరికాలో పక్కన పెట్టేయడం. వార్త ఏ దేశానిదో చూడకుండా అనువదిస్తే విషయమే తలకిందులవుతుంది.

నిఘంటువు, నోటుపుస్తకం

నేర్చుకునేవాళ్ల కోసం చేసిన నిఘంటువే వాడండి. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్, లాంగ్‌మన్, కాలిన్స్‌ల ఇలాంటి నిఘంటువులు ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. వీటిలో సాధారణంగా ఎక్కువ వాడే అర్థం ముందుంటుంది. మెరియం-వెబ్‌స్టర్‌లో అర్థాలు పుట్టిన కాలం వరసలో ఉంటాయి, అక్కడ మొదటి అర్థం అన్నిటికన్నా పాతది. ఇది తెలియక మొదటిదే ముఖ్యమనుకుని ఎప్పుడో మరుగునపడిన అర్థాన్ని వల్లెవేసేవాళ్లు ఉన్నారు. ముందు ఉదాహరణ వాక్యాలు చదవండి, వివరణ తర్వాత. ఇంగ్లీషు-తెలుగు నిఘంటువును చివర్లో, సరిచూసుకోవడానికి మాత్రమే తెరవండి. కామాలతో వరసగా ఇచ్చిన ఐదు తెలుగు మాటల్లో ఏది ఎప్పుడో అది చెప్పదు.

లాంగ్ నోటుపుస్తకంలో ఎదురెదురు రెండు పేజీలు ఒక మాటకు. ఎడమ పేజీలో తెలుగు వాక్యాలు, కుడి పేజీలో అదే ఎత్తులో ఇంగ్లీషు వాక్యాలు. విడి మాటలు రాయకూడదు. మొదటి రోజు చట్రాలు, రెండో రోజు నడిమి బొమ్మ, మూడో రోజు తోకలు, నాలుగో రోజు మీ ఇంటి, పని సంగతులతో ఒక్కో అర్థానికి మూడేసి సొంత వాక్యాలు. తర్వాత 7వ రోజున, 21వ రోజున కుడి పేజీ మూసి ఎడమవైపు తెలుగు చూస్తూ ఇంగ్లీషు చెప్పండి. ఇంగ్లీషు చూసి తెలుగు చెప్పడం తేలిక, అది వచ్చినంత మాత్రాన మాట నోటికి వచ్చినట్టు కాదు. తప్పిన వాక్యం పక్కన చుక్క పెట్టండి. రెండుసార్లూ చుక్క పడితే లోపం జ్ఞాపకంలో లేదు, చట్రం సరిగా రాసుకోలేదని అర్థం. ఆ వాక్యాన్ని కొట్టేసి నిఘంటువులో ఉన్న మరో ఉదాహరణతో కొత్తగా రాయండి.

‘టర్న్’ పేజీ ఇలా ఉంటుంది. బొమ్మ: దిశ మారడం, దాంతోపాటు స్థితి మారడం. చట్రాలు: తర్వాత దిక్కు వస్తే మలుపు, ‘టర్న్ లెఫ్ట్ ఎట్ ది టెంపుల్’. రంగు వస్తే మారడం, ‘ది లీవ్స్ టర్న్‌డ్ ఎల్లో’. అంకె వస్తే వయసు నిండటం, ‘మై ఫాదర్ టర్న్‌డ్ సిక్స్టీ’. ముందు ‘మై’, ‘యువర్’ వస్తే వంతు, ‘ఇట్స్ మై టర్న్’. తోకలు: ‘టర్న్ అప్’ మనిషితో అయితే ఊడిపడటం, శబ్దంతో అయితే పెంచడం. ‘టర్న్ ఇంటూ’ ఒకటి మరొకటిగా మారడం. తర్వాత ఏమీ రాకుండా, కర్త పాలు అయితే: పాలు విరిగాయి.